మైసిర్, సమాజ సంక్షేమం: నవాహో జాతి జూదగృహ వివాదంపై ఒక పరిశీలన

దివ్య ఖుర్‌ఆన్‌లో 'మైసిర్' అన్న పదం మూడు చోట్ల వచ్చింది. బఖరా సూరాలో ఒకసారి (2:219), మాయిదా సూరాలో రెండుసార్లు (5:90, 91). తెలుగు అనువాదాలలో దీనిని 'జూదం' అని వ్రాసుకొంటున్నాము. అనువాదం తప్పు కాదు. అయితే జూదం అనగానే తెలుగు పాఠకుని మనసులో మెదిలేది పేకముక్కలు, కోడిపందేలు, ఇల్లు గుల్ల చేసుకొన్న వ్యసనపరుడు. అరబ్బుల మైసిర్‌కు ఇంకొక ముఖం కూడా ఉండేది. అది పేదల పేరిట, దానం పేరిట, తెగ గౌరవం పేరిట సాగేది. ఆ ముఖాన్ని మరచిపోతే, ఖుర్‌ఆన్ అందులో 'కొన్ని లాభాలు' ఉన్నాయని ఎందుకు అంగీకరించిందో, అంగీకరించి కూడా ఎందుకు నిషేధించిందో మనకు పూర్తిగా బోధపడదు.

ఈ విషయం గ్రంథాలకు మాత్రమే పరిమితమైనది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఆదివాసి తెగలు నడుపుతున్న జూదగృహాల విషయంలో గత నాలుగు దశాబ్దాలుగా జరుగుతున్న చర్చ సరిగ్గా ఈ ప్రశ్న చుట్టే తిరుగుతున్నది: ఒక నిరుపేద సమాజం తన పిల్లల చదువు కోసం, ఆసుపత్రుల కోసం, మంచినీటి కోసం జూదం ద్వారా ధనం సమకూర్చుకోవచ్చునా? ఈ ప్రశ్నకు 'హరామ్' అన్న ఒక్క మాటతో సమాధానం చెప్పి ఊరుకోవడం సులభం. ఆ మాట సత్యమే. కాని ఎదుటివారి వాదాన్ని న్యాయంగా విని, అందులోని బలాన్ని ఒప్పుకొని, ఆపైన తీర్పు చెప్పడం ఖుర్‌ఆన్ నేర్పిన పద్ధతి.

తెగల హక్కు ఎక్కడ నుండి వచ్చింది?

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. అమెరికా ఆదివాసి తెగల స్థితి మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల స్థితి వంటిది కాదు. మన దేశంలో షెడ్యూల్డ్ ప్రాంతాలు రాష్ట్ర ప్రభుత్వ పాలనలోనే ఉంటాయి, వాటికి కొన్ని ప్రత్యేక రక్షణలు ఉంటాయి. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన తెగలు 570కి పైగా ఉన్నాయి. వీటికి పరిమితమైన సార్వభౌమాధికారం ఉన్నది. సొంత పాలక మండలి, సొంత న్యాయస్థానం, సొంత రక్షకభట శాఖ కలిగి ఉండవచ్చు. తెగ భూమిపై రాష్ట్ర ప్రభుత్వ చట్టాలు సాధారణంగా చెల్లవు.

ఈ అధికారం ఆధారంగానే ఫ్లోరిడా రాష్ట్రంలోని సెమినోల్ తెగ 1979లో పెద్ద మొత్తాలతో బింగో ఆట ప్రారంభించింది. కాలిఫోర్నియాలో కబాజోన్ అనే చిన్న తెగ బింగో, పేకాటశాల నడిపింది. రాష్ట్రం అభ్యంతరం చెప్పగా, వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1987లో తీర్పు తెగకు అనుకూలంగా వచ్చింది. ఏ రాష్ట్రం జూదాన్ని పూర్తిగా నిషేధించక, కొన్ని షరతులతో అనుమతిస్తున్నదో, ఆ రాష్ట్రం తెగ భూమిపై జరిగే ఆటను అదుపు చేయజాలదని కోర్టు సారాంశంగా తేల్చింది. మరుసటి సంవత్సరమే, 1988 అక్టోబరు 17న, అధ్యక్షుడు రేగన్ సంతకంతో ఆదివాసి జూద నియంత్రణ చట్టం వచ్చింది.

ఈ చట్టంలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, ఆదాయం ఎందుకు వినియోగించాలో చట్టమే చెప్పింది. తెగ ప్రభుత్వ నిర్వహణకు, తెగ సభ్యుల సంక్షేమానికి, ఆర్థికాభివృద్ధికి, దాతృత్వానికి, ఇరుగుపొరుగు స్థానిక సంస్థలకు సహాయంగా మాత్రమే ఖర్చు చేయాలి. ప్రభుత్వ అనుమతి పొందిన ప్రణాళిక ఉంటే సభ్యులకు తలసరి పంపకం కూడా చేయవచ్చు. రెండవది, ఆ తేదీ తరువాత తెగ కొత్తగా సంపాదించిన భూమిలో జూదగృహం పెట్టాలంటే, కొన్ని మినహాయింపులు తప్ప, రెండు విషయాలు రుజువు కావాలి: అది తెగకు మేలు చేయాలి, చుట్టుపక్కల సమాజానికి కీడు చేయరాదు. దీనిపై స్థానిక అధికారులను, సమీప తెగలను సంప్రదించాలి, రాష్ట్ర గవర్నరు కూడా సమ్మతించాలి. పొరుగువాని హక్కును ఒక లౌకిక చట్టం ఈ మేరకు గుర్తించడం ముస్లిం పాఠకునికి అపరిచితంగా తోచదు.

2023 ఆర్థిక సంవత్సరంలో 29 రాష్ట్రాలలో 245 తెగలు నడిపిన ఇట్టి సంస్థల జూద ఆదాయం 4,190 కోట్ల డాలర్లు. ఒకప్పుడు బింగో శాలతో మొదలైన వ్యవహారం ఈ స్థాయికి చేరింది.

నవాహోల మధ్య జరిగిన చర్చ

అన్ని తెగలూ ఒక్క మాటపై నడిచాయని అనుకోరాదు. అమెరికా ఆదివాసి జాతులలో భూవిస్తీర్ణం రీత్యా అతి పెద్దది నవాహో జాతి. అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాలలో వ్యాపించిన వారి భూమి దాదాపు 27,000 చదరపు మైళ్లు, అంటే మన తెలంగాణలో సగానికి మించినది. జాతి సభ్యులు దాదాపు 4 లక్షలు. 1864లో అమెరికా సైన్యం వీరిని స్వస్థలం నుండి వందల మైళ్లు నడిపించి నిర్బంధంలో ఉంచింది. 1868 ఒప్పందంతో తిరిగి వచ్చారు. పేదరికం మాత్రం వారిని వీడలేదు. పనిచేయగల వారిలో నిరుద్యోగులు నూటికి నలభైకి పైబడి ఉండడం, అనేక గృహాలకు నేటికీ కుళాయి నీరు లేకపోవడం అక్కడి వాస్తవం.

ఇట్టి సమాజం ముందుకు జూదగృహ ప్రతిపాదన వచ్చింది. 1994లో జాతి ప్రజలు ఓటు వేసి తిరస్కరించారు. 1997లో మరల అడిగితే మరల తిరస్కరించారు. పొరుగున ఉన్న హోపీ తెగవారు సైతం 1995లో, 2004లో కాదన్నారు. ఆకలి తెలిసినవారు, చేతికి అందివచ్చిన ధనాన్ని రెండేసి పర్యాయాలు వద్దన్నారంటే, ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆలోచన ఏమిటో తెలుసుకోవలసిందే.

నవాహోల పురాగాథలలో ఒక మహా జూదరి ఉన్నాడు. న్యూ మెక్సికోలోని చాకో లోయకు అతడు వచ్చాడు. మొదట ప్రజల ఆస్తులను, తరువాత వారి భార్యాబిడ్డలను, చివరకు వారినే పందెంలో గెలుచుకొన్నాడు. బానిసలైన ఆ ప్రజల చేతనే తన భవనాలు కట్టించుకొన్నాడు. తుదకు ఒక యువకుడు దివ్యశక్తుల సాయంతో అతనిని ఓడించి ప్రజలను విడిపించాడు. ఓడిన జూదరిని వింటికి సంధించి ఆకాశంలోకి విసిరివేశారట. వాషింగ్టన్ మాథ్యూస్ అనే సైనిక వైద్యుడు 1889లో ఈ గాథను ఆంగ్లంలో ప్రకటించాడు. జూదగృహంపై చర్చ జరిగినప్పుడు సంప్రదాయవాదులైన పెద్దలు ఈ గాథనే గుర్తుచేశారు. జూదం మనిషి చేతిలోని ధనంతో ఆగదు, ధనం తీసుకొన్నాక మనిషిని తీసుకొంటుంది అన్నది వారి పూర్వీకుల అనుభవసారం. వహీ అందని జాతికి సైతం అల్లాహ్ ప్రసాదించిన సహజ ప్రకృతి, అనగా ఫిత్రత్, ఏమి బోధిస్తుందో చూపడానికి ఇంతకంటే మంచి నిదర్శనం అరుదు.

వ్యతిరేకించిన వారికి మరొక భయం కూడా ఉన్నది. దూరప్రాంతపు ధనికులు వచ్చి ఆడి పోతారన్న ఆశతో కట్టిన శాలకు, చివరకు చుట్టుపక్కల పేదలే అలవాటు పడతారు. అప్పుడు తెగ ఖజానాకు చేరేది సొంతవారి కూలిడబ్బే.

అనుకూలుర వాదం కూడా తేలికైనది కాదు. 'మన యువకులు పని కోసం వలసపోతున్నారు, ఇతర తెగల జూదశాలలలో మనవారు ఇప్పటికే ధనం పోగొట్టుకొంటున్నారు, ఆ ధనం మన భూమిలోనే మిగిలితే నష్టమేమి?' అని వారు ప్రశ్నించారు. తెగకు స్వతంత్రమైన ఆదాయం లేనిదే స్వతంత్రమైన పాలన ఉండదన్నారు. కాలక్రమంలో ఈ వాదమే నెగ్గింది. తెగ పాలక మండలి చట్టం చేసి అనుమతించగా, 2008 నవంబరులో గాలప్ పట్టణం వద్ద ఫైర్ రాక్ పేరిట మొదటి జూదగృహం తెరుచుకొన్నది. 2013 నాటికి ఫ్లాగ్‌స్టాఫ్ సమీపంలోని ట్విన్ యారోస్‌తో కలిపి నాలుగయ్యాయి.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. నవాహో భూమిపై మద్యం అమ్మకం నిషిద్ధం. మద్యం వలన ఆ జాతి పడిన బాధలు అన్నీ ఇన్నీ కావు. అయినా జూదగృహాలు వచ్చిన తరువాత వాటి ఆవరణలో మద్యానికి మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. ఖుర్‌ఆన్ ఖమ్ర్‌ను, మైసిర్‌ను ప్రస్తావించిన మూడు చోట్లా జంటగానే ప్రస్తావించింది. ఒక ద్వారం తెరిస్తే రెండవది మూసి ఉంచడం కష్టమన్న సత్యం, ఖుర్‌ఆన్ పేరు కూడా ఎత్తని ఒక శాసనసభ నిర్ణయంలో ఇలా వెల్లడైంది.

లాభనష్టాల లెక్క

జూదగృహాల వలన మేలు జరగలేదని చెప్పడం సత్యదూరం. 2002లో ఎవాన్స్, టోపొలెస్కీ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు ప్రకటించిన అధ్యయనం ప్రకారం, జూదగృహం తెరిచిన నాలుగు సంవత్సరాలకు తెగలలో ఉపాధి 26 శాతం పెరిగింది, వలస వెళ్లినవారు తిరిగి రావడం వంటి కారణాలతో జనాభా సుమారు 12 శాతం పెరిగింది, పని చేస్తూ కూడా పేదరికంలో ఉన్నవారి నిష్పత్తి 14 శాతం తగ్గింది. అదే అధ్యయనం రెండవ వైపు కూడా చూపింది. జూదగృహం ఉన్న జిల్లాలలో దివాలాలు, దౌర్జన్య నేరాలు, వాహనాల అపహరణ, దొంగతనాలు 10 శాతం పెరిగాయి.

ఇంతకంటే ఆలోచింపజేసే పరిశోధన మరొకటి ఉన్నది. ఉత్తర కరోలినాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ కాస్టెల్లో బృందం 1993 నుండి 1,420 మంది పిల్లల మానసిక స్థితిని ఏటేటా పరిశీలిస్తూ వచ్చింది. వారిలో దాదాపు నాలుగోవంతు ఆదివాసి పిల్లలు. పరిశీలన నడుమ చెరోకీ తెగవారు జూదగృహం తెరిచి, ఆదాయంలో కొంత తెగ సభ్యులందరికీ పంచసాగారు. ఆ ధనంతో పేదరికం నుండి బయటపడిన కుటుంబాలలోని పిల్లలకు ప్రవర్తన సంబంధమైన రుగ్మతలు, ఎన్నడూ పేదరికం ఎరుగని పిల్లల స్థాయికి తగ్గాయి. ఆందోళన, విషాదం వంటి లక్షణాలలో మాత్రం మార్పు రాలేదు. 2003లో అమెరికా వైద్య సంఘ పత్రికలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకొని ఉండే వీలు చిక్కడమే ఈ మేలుకు ముఖ్య కారణమని పరిశోధకులు గుర్తించారు.

ఈ ఫలితాన్ని దాచిపెట్టవలసిన పని మనకు లేదు. అయితే దీని నుండి ఏమి నిరూపణ అవుతుందో సరిగా చూడాలి. ఆ పిల్లలకు మేలు చేసింది జూదం కాదు, తల్లిదండ్రుల చేతికి క్రమంగా అందిన ఆదాయం. అదే ఆదాయం భూమి నుండి, పరిశ్రమ నుండి, న్యాయంగా చెల్లించిన నష్టపరిహారం నుండి వచ్చి ఉంటే ఫలితం మారేదని అనుకోవడానికి కారణం లేదు. రెండవ విషయం మరింత ముఖ్యమైనది. ఆ బల్లల వద్ద ధనం పోగొట్టుకొన్నవారికి కూడా పిల్లలు ఉన్నారు. వారు ఏ ఊరివారో, వారి ఇంట్లో ఆ నెల ఏమి జరిగిందో ఈ పరిశోధన లెక్కలోకి రాదు. లాభం ఒకచోట పోగుపడి కంటికి కనిపిస్తుంది, నష్టం వేయి ఇళ్లలో చెదిరిపోయి కనిపించదు. ఖుర్‌ఆన్ లాభం కంటే పాపం పెద్దదని చెప్పినప్పుడు, కనిపించని ఈ రెండవ పళ్లెాన్ని కూడా తూచి చెప్పినదని గ్రహించాలి.

పోతే, ఆ లాభం కూడా స్థిరమైనది కాదు. కనెక్టికట్ రాష్ట్రంలో మషాంటకెట్ పెకాట్ తెగవారు 1992లో ఫాక్స్‌వుడ్స్ జూదగృహం తెరిచారు. కొద్ది సంవత్సరాలలోనే అది ప్రపంచంలోని అతి పెద్ద జూదశాలలలో ఒకటయింది. విస్తరణ కోసం తెగ మరికొంత భూమి కలుపుకోజూస్తే, చుట్టూ ఉన్న చిన్న ఊళ్లు సంవత్సరాల తరబడి న్యాయస్థానాలలో పోరాడాయి. 1996లో దగ్గరలోనే మొహీగన్ తెగ జూదగృహం పోటీగా వచ్చింది. 2009 నాటికి ఫాక్స్‌వుడ్స్ 200 కోట్ల డాలర్లకు పైబడిన అప్పులో కూరుకొని, రుణదాతల వద్ద గడువు అడగవలసి వచ్చింది. జూదంలో ఆటగాడే కాదు, ఇంటి యజమాని సైతం ఓడిపోవచ్చు.

జాహిలియ్యా కాలపు మైసిర్

ఇప్పుడు మొదట చెప్పిన విషయానికి రావచ్చు. అజ్ఞాన కాలంలో అరబ్బులు మైసిర్ ఎలా ఆడేవారో జమఖ్షరీ మొదలైన వ్యాఖ్యాతలు వివరించారు. ఒక ఒంటెను అప్పుగా కొని కోసేవారు. సంచిలో పది బాణాలు ఉండేవి. అల్ ఫజ్జ్, అత్ తౌఅమ్, అర్ రఖీబ్, అల్ హిల్స్, అన్ నాఫిస్, అల్ ముస్బిల్, అల్ ముఅల్లా అనే ఏడు బాణాలకు వరుసగా ఒకటి నుండి ఏడు వరకు వాటాలు. మిగిలిన మూడింటికి వాటా లేదు. వాటా లేని బాణం ఎవరి పేరిట వస్తే వారు ఒంటె ధర చెల్లించాలి. గెలిచినవారు మాంసాన్ని తాము తినేవారు కాదు, పేదలకు పంచేవారు. దానిని గొప్పగా చెప్పుకొనేవారు. ఆటలో చేరనివానిని పిసినారి అని ఎగతాళి చేసేవారు.

ఖుర్‌ఆన్ అవతరణ కాలంలో మైసిర్ అంటే ఇదే. కరువు రోజులలో పేదల కడుపు నింపే ఒక సామాజిక ఆచారం! బఖరా సూరా ఆయతు అందులోని లాభాలను కాదనలేదు. ఉన్నాయని చెప్పి, వాటికంటే పాపం పెద్దదని తీర్పు చెప్పింది. ఆపైన మాయిదా సూరాలో దానిని షైతాను చేష్టగా, మాలిన్యంగా పేర్కొని, ప్రజల మధ్య శత్రుత్వం, ద్వేషం రేపుతుందనీ, దైవస్మరణ నుండి, నమాజు నుండి మళ్లిస్తుందనీ కారణం కూడా తెలిపి పూర్తిగా నిషేధించింది. 'జూదం స్వార్థానికి ఆడితే తప్పు, సమాజ క్షేమానికి ఆడితే ఒప్పు' అనేవారికి సమాధానం ఆ అవతరణ సందర్భంలోనే ఉన్నది. నిషేధం వచ్చిందే సమాజ క్షేమం పేరిట ఆడిన ఆటపైన.

అందుచేతనే ముజాహిద్, అతా, తావూస్ వంటి తాబయీలు పందెం ఉన్న ప్రతిదీ, పిల్లలు అక్రోటు కాయలతో ఆడే పందెంతో సహా, మైసిరేనని అన్నారు. జూదం హరామ్ అన్న విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం లేదని ఇమామ్ జస్సాస్ స్పష్టం చేశారు.

అవసరం అన్న వాదం

'తప్పనిసరి అవసరం నిషిద్ధాన్ని అనుమతిస్తుంది' అన్న ఫిఖహ్ సూత్రాన్ని ఇక్కడ కొందరు ముందుకు తేవచ్చు. సూత్రం సరియైనదే, అన్వయం సరికాదు. ఆకలితో ప్రాణం పోయే స్థితిలో ఉన్నవానికి చచ్చిన జంతువు మాంసం ప్రాణం నిలుపుకొనేటంత మేరకు అనుమతింపబడింది. ఆ అనుమతితో ఎవరూ చచ్చిన జంతువుల మాంసపు దుకాణం తెరవరు. అవసరం తాత్కాలికం, పరిమితం, ఆ వ్యక్తికే చెందినది. జూదగృహం శాశ్వత సంస్థ, పెరగడమే దాని స్వభావం, అది ఇతరుల నష్టంపై బ్రతుకుతుంది. అంతేగాక, అల్లాహ్ పవిత్రుడు, పవిత్రమైన దానినే స్వీకరిస్తాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. కావున మంచి పనిపై ఖర్చు చేయడం వలన సంపాదన మార్గం శుద్ధి కాదు.

అమెరికాలో నివసిస్తున్న మన తెలుగు ముస్లింలకు ఇది ప్రత్యక్ష సమస్య కూడా కాగలదు. తమ ఊరి సమీపంలో జూదగృహ ప్రతిపాదన వచ్చి, బహిరంగ విచారణ జరిగితే వారేమి చెప్పాలి? పాపకార్యంలో సహకరించవద్దన్న ఖుర్‌ఆన్ ఆదేశం (5:2) ప్రకారం దానికి మద్దతు పలుకరాదు, అందులో జూదం నడిపే కొలువు చేయరాదు. అదే సూరాలోని ఎనిమిదవ ఆయతు ప్రకారం, ఏ జనంపైనా ద్వేషం మనలను న్యాయానికి దూరం చేయరాదు. ఇలాంటి విచారణలలో ఆదివాసులపై పాత జాత్యహంకారం, నీతి ముసుగు వేసుకొని మాట్లాడడం కద్దు. లాస్ వేగాస్ నగరాన్ని చూసి మౌనంగా ఉండి, ఆదివాసి తెగ జూదగృహం పెట్టగానే నీతులు చెప్పేవారి పంక్తిలో ముస్లిం నిలబడరాదు. అతడు జూదాన్ని ఎక్కడైనా జూదమనే అంటాడు, ఆ తెగకు జరిగిన అన్యాయాన్ని కూడా అన్యాయమనే అంటాడు.

మనకు గల పాఠం

సమాజ క్షేమం పేరిట జూదం మన దేశానికీ కొత్త కాదు. కేరళ ప్రభుత్వం 1967లో ప్రారంభించిన లాటరీ నేటికీ ఖజానాకు ముఖ్యమైన ఆదాయ వనరు. దాని నుండి పేదల వైద్యానికి కూడా ధనం కేటాయించారు. తెలుగునాట 1974 నుండి జూద నిషేధ చట్టం ఉన్నది. అరచేతిలోని ఫోనులోకి జూదం చేరగా, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చాయి. 2025లో కేంద్రం సైతం ధనంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా క్రికెట్ పందేల అప్పులతో కుంగిన ఇళ్లు మన ముహల్లాలలో లేవని ఎవరూ గుండెపై చేయివేసుకొని చెప్పలేరు.

నవాహోలు రెండుసార్లు వద్దని చెప్పి కూడా ఎందుకు నిలబడలేకపోయారు? వారి విశ్వాసం బలహీనమై కాదు. వద్దన్న దాని స్థానంలో పెట్టుకోవడానికి వేరే ఆదాయం వారికి ఎవరూ చూపలేదు. పేదవానికి 'ఇది కూడదు' అని చెప్పి, 'మరి ఇది ఉన్నది' అని చెప్పలేని సమాజం తన మాట నిలబెట్టుకోలేదు. ఇస్లాం మైసిర్‌ను తొలగించిన చోట ఖాళీ వదలలేదు. జకాత్‌ను విధి చేసింది, వక్ఫ్‌ను ప్రోత్సహించింది, వడ్డీలేని అప్పును పుణ్యకార్యంగా నిలిపింది. ఒంటె మాంసం కోసం బాణాల వంక చూసిన పేదవాడు బైతుల్‌మాల్ నుండి హక్కుగా తన వాటా పొందాడు.

కావున మన ఊళ్లలో జకాత్ క్రమబద్ధంగా వసూలై అర్హులకు చేరుతున్నదా, వక్ఫ్ భూముల ఆదాయం అనాథలకు అందుతున్నదా, అప్పు కావలసిన రిక్షా కార్మికుడు వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా అప్పు పొందగలుగుతున్నాడా అన్న ప్రశ్నలు జూద నిషేధంపై ఇచ్చే ప్రసంగాల నుండి విడదీయరానివి. ఈ పని చేసినప్పుడే మైసిర్ ఆయతును మనం సగం కాక, పూర్తిగా చదివినవారమవుతాము.

వల్లాహు ఆలమ్.